క్లచ్ పెడల్ ఫీల్ కోసం ఏది మార్చాలి: ఆయిలా, పైపా, వాల్వా, స్ప్రింగా, సిలిండరా?

"పెడల్ ఫీల్ బాలేదు" అని ఒక్క ముక్కలో అనేస్తాం గానీ అందులో కనీసం నాలుగు వేర్వేరు కంప్లైంట్లు ఉంటాయి. ఒకరికి పెడల్ బరువు, సాయంత్రానికి ఎడమ మోకాలు పీకేస్తుంది. ఇంకొకరికి మరీ తేలిక, క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కాలికి తెలియదు. మరొకరికి మెత్తగా, లోతుగా దిగుతుంది, రివర్స్ వేస్తే కరకరమంటుంది. నాలుగో రకం వాళ్లకి అన్నీ బాగానే ఉంటాయి, కానీ కాలు తీసేశాక కూడా క్లచ్ ఓ క్షణం ఆగి పట్టుకుంటుంది, ఒకటి నుంచి రెండుకి ఎంత జాగ్రత్తగా మార్చినా పక్క సీట్లో వాళ్ల తల ఊగుతుంది. ఈ నాలుగింటికీ మందు ఒకటి కాదు. పైగా ఒకదానికి వేసిన మందు ఇంకోదాన్ని ముదరబెడుతుంది. తేలికగా ఉందని స్ప్రింగ్ తీస్తే బరువు పెరుగుతుంది, బరువుగా ఉందని చిన్న సిలిండర్ వేస్తే క్లచ్ పూర్తిగా విడవదు. కాబట్టి ఏం కొనాలి అని అడిగే ముందు మీ కంప్లైంట్ ఈ నాలుగింటిలో ఏదో తేల్చుకోండి.

ఇంకో మాట, ఇదంతా హైడ్రాలిక్ క్లచ్ గురించే. ఆల్టో, వ్యాగన్ఆర్, పాత స్విఫ్ట్ లాంటి వాటిలో ఉండేది కేబుల్ క్లచ్. వాటికి మంచి కేబుల్ వేసి, ఫ్రీ ప్లే (పెడల్ నొక్కగానే ఏ పనీ జరగకుండా ఉత్తగా కదిలే కొద్ది దూరం) సరిగ్గా పెట్టిస్తే చాలావరకు పని అయిపోతుంది, ఇక్కడ చెప్పేవాటిలో సగం వాటికి వర్తించవు.

లోపల జరిగేది పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పెడల్ నొక్కితే మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ కదులుతుంది, ఆయిల్ పైపు గుండా వెళ్లి గేర్‌బాక్స్ దగ్గరున్న స్లేవ్ సిలిండర్‌ను తోస్తుంది, అది రిలీజ్ బేరింగ్‌ను ప్రెజర్ ప్లేట్ (క్లచ్ ప్లేట్‌ని ఫ్లైవీల్‌కి అదిమి పట్టుకునే భాగం) వేళ్ల మీదికి నొక్కుతుంది, క్లచ్ విడుతుంది. ఇక్కడ అంకెలు ఒకసారి చూస్తే మిగతా విషయమంతా తేలిగ్గా అర్థమవుతుంది. మాస్టర్ బోర్ 15.87 మిల్లీమీటర్లు, అంటే 5/8 అంగుళం అనుకుందాం. పిస్టన్ 25 మిల్లీమీటర్లు కదిలితే ముందుకెళ్లే ఆయిల్ దాదాపు 5 మిల్లీలీటర్లు. అంటే ఒక టీ స్పూను. మీ క్లచ్ మొత్తం ఆ స్పూనుడు ఆయిల్ మీదే ఆధారపడి ఉంది. అందులో అర మిల్లీలీటరు గాలి ఉందంటే పదో వంతు ప్రయాణం గాలిని నలపడానికే పోతుంది, కాలికి మెత్తగా తగిలేది అదే.

ఇంకో లెక్క. కాలితో 100 న్యూటన్ల బలం (సుమారు 10 కిలోల బరువు) పెట్టారు, పెడల్ లీవరేజ్ 5 రెట్లు ఉంది, అప్పుడు అదే సిలిండర్‌లో ప్రెజర్ సుమారు 25 బార్ వస్తుంది. బ్రేక్ గట్టిగా కొట్టినప్పుడు లైన్‌లో వచ్చే ప్రెజర్ దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. బ్రేకులకి పనికొచ్చిన మోడిఫికేషన్ క్లచ్‌కి కూడా అంతే పనికొస్తుందనుకునే వాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

రూపాయి పెట్టే ముందు

ఇంజన్ ఆన్‌లో ఉంచి పెడల్‌ని మూడు నాలుగు సార్లు గబగబా పంప్ చేయండి. బైటింగ్ పాయింట్ (పెడల్ వదులుతుంటే క్లచ్ పట్టుకోవడం మొదలయ్యే చోటు) పైకి వచ్చిందంటే సిస్టమ్‌లో ఎయిర్ పట్టింది, లేదా మాస్టర్ సీల్ అరిగింది. పెడల్ పైన, పుష్‌రాడ్ (మాస్టర్ పిస్టన్‌ని తోసే కడ్డీ) ఫైర్‌వాల్ లోపలికి, అంటే ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడలోకి వెళ్లే చోట వేలు పెట్టి చూడండి, తడి తగిలితే మాస్టర్ లీకు. గేర్‌బాక్స్, ఇంజన్ కలిసే చోట కింద తడిగా ఉంటే అది స్లేవ్ కావచ్చు, ఆయిల్ సీల్ కూడా కావచ్చు, వాసన చూస్తే, రంగు చూస్తే తేడా తెలిసిపోతుంది. లీకున్న సిస్టమ్ మీద మోడిఫికేషన్ మాట ఎత్తకండి.

పెడల్ కొన్నప్పటి కన్నా నెమ్మదిగా బరువెక్కుతూ వచ్చిందా? అయితే అది హైడ్రాలిక్ సమస్య కాకపోవచ్చు. క్లచ్ ప్లేట్ అరిగే కొద్దీ ప్రెజర్ ప్లేట్‌లోని డయాఫ్రమ్ స్ప్రింగ్ కోణం మారుతుంది, దాన్ని నొక్కడానికి ఎక్కువ బలం కావాలి. "ప్లేటు పోయింది సార్, సెట్టు మార్చాలి" అని మెకానిక్ అంటే ప్రతిసారీ మోసమనుకోవద్దు, ఈ ఒక్క కేసులో అతను చెప్పేది నిజమయ్యే అవకాశం ఎక్కువ. అదే ఎనభై వేల కిలోమీటర్లు తిరిగిన కారుకి కొత్త సెట్టు వేయగానే "అబ్బ, ఇంత తేలికా" అనిపించడానికి కారణం కూడా ఇదే. కానీ పెడల్ మెత్తగా ఉందని చెబితే కూడా సెట్టే మార్చాలంటే మాత్రం, ముందు ఎయిర్ తీసి చూపించమనండి.

ఆయిల్ మార్చడం

అందరూ చులకనగా చూసేది, నా లెక్కలో మొదటి స్థానం ఇవ్వాల్సింది ఇదే. మనవాళ్లు బ్రేక్ ఆయిల్ అనేది నిజానికి గ్లైకాల్ ద్రవం, గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 (మన కార్లలో మామూలుగా వాడే గ్రేడు) కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక అదే 155 డిగ్రీలకి పడిపోవచ్చు. పోలో లాంటి చాలా కార్లలో క్లచ్‌కి విడిగా డబ్బా ఉండదు, బ్రేక్ ఆయిల్ డబ్బా పక్క నుంచే ఒక సన్న పైపు క్లచ్‌కి వెళ్తుంది. అందుకే సర్వీస్‌లో బ్రేక్ ఆయిల్ మార్చామంటారు, నాలుగు చక్రాల దగ్గరా మారుస్తారు, క్లచ్ లైన్‌లో మాత్రం కారు కొన్ననాటి ఆయిలే నల్లగా మగ్గుతూ ఉంటుంది. బిల్లులో ఉన్నంత మాత్రాన నమ్మకండి, క్లచ్ బ్లీడర్ నట్టు (లైన్‌లోంచి పాత ఆయిల్, గాలి బయటికి వదిలే నట్టు) విప్పిన గుర్తు ఉందో లేదో కిందికి వంగి చూడండి. దుమ్ము చెక్కు చెదరకుండా ఉంటే ఎవరూ ముట్టుకోనట్టే.

బ్లీడింగ్ చేసేటప్పుడు ఒకరు లోపల, ఒకరు కింద. కిందివాళ్లు "నొక్కు" అంటే నొక్కి పట్టాలి, నట్టు విప్పి మళ్లీ బిగించాక "వదులు" అంటేనే వదలాలి. క్లచ్‌లో చాలాసార్లు పెడల్ నేలకే అతుక్కుపోయి పైకి రాదు, కంగారు పడక్కర్లేదు, చేత్తో పైకి లాగి మళ్లీ మొదలుపెట్టడమే. సన్న పారదర్శకపు ట్యూబులో మొదట టీ డికాషన్ రంగులో వచ్చి, మధ్యలో బుడగలు కొట్టి, తర్వాత లేత పసుపులోకి తిరుగుతుంది. బుడగలు ఆగేదాకా ఆపకండి, డబ్బా ఖాళీ కానివ్వకండి. ఈ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది, బానెట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

సీసా మీద డాట్ 5 అని ఉంటే అది సిలికాన్‌ది, మన కార్లలో పోయకూడదు. డాట్ 5.1 వేరు, అది గ్లైకాలే. పొరపాటున ఎవరైనా ఇంజన్ ఆయిలో పవర్ స్టీరింగ్ ఆయిలో పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి, అప్పుడు మాస్టర్, స్లేవ్ రెండూ మార్చాల్సిందే. ఖర్చు కొన్ని వందలు, లేబర్ కొంచెం. నాలుగేళ్ల కారుకి ఇది చేయించి రెండు వారాలు నడిపాక చూడండి, సగం మందికి మిగతా లిస్టు అక్కర్లేదు.

దీంతో పాటే పెడల్ పిన్నులు, బుష్షులు చూసి గ్రీజు పెట్టించండి. పుష్‌రాడ్‌కి లాక్‌నట్ ఉన్న కార్లలో ఫ్రీ ప్లే, బైటింగ్ పాయింట్ ఎత్తు కొంత సర్దుకోవచ్చు. కానీ ప్లే మొత్తం తీసేయకండి. పిస్టన్ పూర్తిగా వెనక్కి రాకపోతే ఆయిల్ డబ్బాలోకి తిరిగి వెళ్లే రంధ్రం మూసుకుపోతుంది, వేడికి ఆయిల్ వ్యాకోచించి క్లచ్ తనంతట తానే కొద్దిగా నొక్కుకుని జారడం మొదలవుతుంది. హైవే మీద ఆర్‌పీఎం పెరిగి స్పీడు పెరగకపోతే ముందు ఇది చూసుకోండి.

స్టీల్ అల్లిక పైపు

చూడ్డానికి అందంగా ఉంటుంది, ఫొటోలో బాగా పడుతుంది, అందుకే అందరూ మొదట ఇదే కొంటారు. వాదన ఏంటంటే రబ్బరు పైపు ప్రెజర్‌కి ఉబ్బుతుంది, లోపల టెఫ్లాన్, పైన స్టీల్ అల్లిక ఉన్న పైపు ఉబ్బదు. నిజమే. కానీ 25 బార్ దగ్గర జానెడు మంచి రబ్బరు పైపు ఎంత ఉబ్బుతుంది? కాలికి తెలిసీ తెలియనంత. పదేళ్ల పాత పైపు అయితే తేడా కనిపిస్తుంది, అయితే అక్కడ కంపెనీ కొత్త రబ్బరు పైపు వేసినా దాదాపు అదే తేడా.

మరి "పైపు మార్చగానే కారే మారిపోయింది" అనే వాళ్లంతా అబద్ధం చెబుతున్నారా? లేదు. రెండు సంగతులు వాళ్లు లెక్కలోకి తీసుకోరు. పైపు మార్చినప్పుడు ఆయిల్ మారింది, ఎయిర్ పోయింది. రెండోది, అమ్మే కిట్లలో చాలావాటికి దారిలో ఉన్న డిలే వాల్వు (దీని సంగతి కింద చెబుతాను), డ్యాంపర్ (లైన్‌లో వచ్చే వణుకుని మింగేసే భాగం) లేకుండానే నేరుగా కలిపే ఏర్పాటు ఉంటుంది. పేరు పైపుకి వచ్చింది, పని చేసింది వాల్వు తీసేయడం. డ్యాంపర్ కూడా పోతే కొన్ని కార్లలో ఒక ఆర్‌పీఎం దగ్గర పెడల్‌లో సన్నగా జుమ్మని వణుకు మొదలవుతుంది, అది కొందరికి నచ్చుతుంది, నాకు నచ్చదు.

వేయించుకుంటానంటే కొన్ని జాగ్రత్తలు. ఇంజన్ మౌంట్ల మీద ఊగుతుంది కాబట్టి పైపులో కొంచెం వదులు ఉండాలి, బిగుతుగా లాగి కట్టకూడదు. స్టీల్ అల్లిక రాసుకున్న ప్రతిదాన్నీ కోస్తుంది, వైరింగ్‌కి ఆనకుండా చూడాలి. బాంజో బోల్టు (పైపు చివరని బిగించే, మధ్యలో రంధ్రమున్న బోల్టు) దగ్గర రాగి వాషర్లు కొత్తవే వేయాలి. యూరప్ కార్లలో చాలావాటికి దారం ఉండదు, క్లిప్పుతో నొక్కే కనెక్టర్ ఉంటుంది, సరైన చివర లేకుండా ఆటోనగర్‌లో ఏదో అడాప్టర్ చేయించి తగిలించే పని మాత్రం వద్దు.

డిలే వాల్వు

నాలుగో రకం కంప్లైంట్ వాళ్లు ఇక్కడ ఆగి చదవండి. కొన్ని కార్లలో లైన్ మధ్యలో ఒక చిన్న వాల్వు పెడతారు. నొక్కేటప్పుడు ఆయిల్ మామూలుగా వెళ్తుంది, వదిలేటప్పుడు మాత్రం గుండుసూది దూరేంత రంధ్రం గుండా నెమ్మదిగా వెనక్కి రావాలి. ఎవరైనా క్లచ్‌ని ఠపీమని వదిలేసినా గేర్‌బాక్స్‌కి, డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌కి (కుదుపుని మింగడానికి మధ్యలో స్ప్రింగులు పెట్టిన రెండు ముక్కల ఫ్లైవీల్), డ్రైవ్ షాఫ్టులకి దెబ్బ తగలకుండా కంపెనీ పెట్టిన ఏర్పాటు. బీఎండబ్ల్యూ ఈ46, ఈ90 మాన్యువల్ 3 సిరీస్‌లో ఇది బాగా పేరుమోసింది, పైపుకీ స్లేవ్‌కీ మధ్యన విడి ముక్కగా ఉంటుంది. కొన్ని హోండాల్లో స్లేవ్ సిలిండర్ దగ్గరే ఉంటుంది. ఫోక్స్‌వాగన్, స్కోడా కార్లలో గేర్‌బాక్స్ మీది బ్లీడర్ బ్లాక్ దగ్గర వెతకాలి.

దీని తంటా ఏంటంటే, మీరు ఎంత బాగా కాలు ఆడించినా క్లచ్ మీ కాలి వెంట రాదు, దాని టైముకి అది వస్తుంది. మీరు ఆర్‌పీఎం సరిగ్గా కలిపారు, కాలు తీశారు, యాక్సిలరేటర్ ఇచ్చారు, కానీ క్లచ్ ఇంకా జారుతూనే ఉంది. అప్పుడే ఆ తల ఊపు. నెమ్మదిగా వదిలేవాళ్లకి ఈ వాల్వు ఉందని కూడా తెలియదు. త్వరగా గేర్లు మార్చేవాళ్లకే ఇబ్బంది.

ఉందో లేదో తెలుసుకోవాలంటే ఖాళీ రోడ్డు మీద రెండో గేర్‌లో ఇరవై ముప్పై స్పీడులో వెళ్తూ క్లచ్ నొక్కి, ఆర్‌పీఎం ఐడిల్‌కి పడ్డాక, పాదాన్ని పక్కకి జార్చి పెడల్ వదిలేయండి. పెడల్ పైకి వచ్చేసినా ముల్లు వెంటనే లేవకుండా మెల్లగా పాకితే వాల్వు ఉన్నట్టే. ఒక్కసారి చేస్తే చాలు, సరదాకి మళ్లీ మళ్లీ చేయకండి.

తీసేస్తే నాకు తెలిసినంతలో పెట్టిన డబ్బుకి కాలికి అందే తేడా అన్నిటికన్నా ఎక్కువ. పెడల్ బరువు మారదు, బైటింగ్ పాయింట్ మారదు, క్లచ్ మాత్రం మీ మాట వింటుంది. నష్టం కూడా చెప్పాలి, ఇప్పుడు మీ తప్పులు నేరుగా గేర్‌బాక్స్‌కి వెళ్తాయి. ఇంట్లో ఇంకా నేర్చుకుంటున్న వాళ్లు అదే కారు నడుపుతుంటే, లేదా డ్రైవర్‌కి ఇస్తుంటే, ఉంచేయండి. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ధర ఒకసారి అడిగి చూడండి, ఎందుకంటున్నానో తెలుస్తుంది.

పెడల్ అసిస్ట్ స్ప్రింగ్

పెడల్ పైభాగంలో, డ్యాష్‌బోర్డ్ కింద ఓ బలమైన స్ప్రింగ్ ఉంటుంది. పెడల్ పైన ఉన్నప్పుడు దాన్ని పైకి తోస్తుంది, ఒక చోటు దాటాక తిరగబడి కిందికి తోస్తుంది, అంటే మీ కాలికి సాయం చేస్తుంది. షోరూమ్‌లో "క్లచ్ వెన్నలా ఉంది" అనిపించేది దీని పుణ్యమే. కానీ ఆ తిరగబడే చోటు, బైటింగ్ పాయింట్ దగ్గర దగ్గరగా ఉంటే కాలికి వచ్చే సమాచారం మొత్తం గజిబిజి అవుతుంది. ఫోర్డ్ మస్టాంగ్‌లో, టయోటా 86, సుబారు బీఆర్‌జెడ్‌లలో ఈ స్ప్రింగ్ తీసేయడమో, మెత్తటిది వేయడమో చాలామంది చేసే పని. అమెరికాలో ఉండి ఇవి నడిపే మనవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే ఆయిల్ ముట్టుకోనక్కర్లేదు, ఎయిర్ తీయనక్కర్లేదు, నచ్చకపోతే మళ్లీ పెట్టేయొచ్చు.

హైదరాబాద్‌లో మాత్రం రెండుసార్లు ఆలోచించండి. స్ప్రింగ్ తీశాక పెడల్ నిజమైన బరువు బయటపడుతుంది. ఆదివారం పొద్దున్నే శ్రీశైలం ఘాట్‌లో అది బ్రహ్మాండంగా ఉంటుంది, సోమవారం సాయంత్రం హైటెక్ సిటీ నుంచి కూకట్‌పల్లి దాకా హాఫ్ క్లచ్ మీద పాకుతుంటే అదే స్ప్రింగ్‌ని తలుచుకుంటారు. మధ్యేమార్గం, పూర్తిగా తీసేయకుండా మీ మోడల్‌కి దొరికితే తక్కువ బలమున్న స్ప్రింగ్ వేయడం. మరో సంగతి, కొన్ని కార్లలో పెడల్ పూర్తిగా పైకి రావడానికి కూడా ఆ స్ప్రింగే ఆధారం, తీశాక పెడల్ పైదాకా వస్తోందా, క్లచ్ స్విచ్ (పెడల్ నొక్కారో లేదో కారుకి చెప్పేది) సరిగ్గా తగులుతోందా చూడాలి, లేదంటే క్రూయిజ్ కంట్రోల్ పనిచేయదు. విప్పేటప్పుడు అది బిగుతుగా నొక్కి ఉంటుంది, మొహం పక్కకి పెట్టుకోండి.

క్లచ్ స్టాప్

పెడల్ కింద నేలకి పెట్టే రబ్బరు గుండీ అంతే. క్లచ్ పూర్తిగా విడిపోయాక కూడా చాలా కార్లలో పెడల్ ఇంకా కొంత దూరం దిగుతుంది, ఆ వృథా ప్రయాణాన్ని ఇది ఆపుతుంది. పొట్టి కాళ్లవాళ్లకి సీటు ముందుకి లాక్కునే బాధ తగ్గుతుంది. మరీ ఎత్తుగా పెడితే క్లచ్ పూర్తిగా విడవక సింక్రోలు (గేర్లు శబ్దం లేకుండా కలిసేలా చేసే రింగులు) అరుగుతాయి, కాబట్టి వేడెక్కిన ఇంజన్ మీద రివర్స్ శబ్దం లేకుండా పడుతోందో లేదో చూసి, ఆపైన ఇంకొంచెం వదులు ఇచ్చి సెట్ చేయాలి. క్లచ్ నొక్కితేనే స్టార్టయ్యే కారైతే అదీ చూసుకోండి. వంద రూపాయల వస్తువు, దీని గురించి ఎవరూ మాట్లాడరు.

మాస్టర్ సిలిండర్ సైజు మార్చడం

ఇది ఆఖరి మెట్టు, చాలామందికి అక్కర్లేని మెట్టు. 15.87 తీసి 19.05 మిల్లీమీటర్ల బోర్ పెడితే వైశాల్యం 1.44 రెట్లు అవుతుంది. అంటే అంతే పెడల్ ప్రయాణానికి 44 శాతం ఎక్కువ ఆయిల్ కదులుతుంది, బైటింగ్ పైకి వస్తుంది, క్లచ్ చకచకా విడిపోతుంది. కాలి బలం కూడా 44 శాతం ఎక్కువ పెట్టాలి, ఇందులో ఉచితం ఏదీ లేదు. చిన్న బోర్ పెడితే సరిగ్గా దీనికి తిరగబడుతుంది, పెడల్ తేలిక, ప్రయాణం ఎక్కువ, క్లచ్ పూర్తిగా విడవకపోయే ప్రమాదం.

పెద్ద బోర్‌తో అసలు భయం వేరే ఉంది. స్లేవ్ ఉండాల్సినదానికన్నా ఎక్కువ తోస్తుంది. గేర్‌బాక్స్ లోపల షాఫ్ట్ చుట్టూ ఉండే కాన్సెంట్రిక్ స్లేవ్ అయితే సీల్ బయటికి వచ్చేయొచ్చు, డయాఫ్రమ్ వేళ్లు వంగొచ్చు. ఆ స్లేవ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాలి, వస్తువు ధర కన్నా లేబరే ఎక్కువ. బయట బోల్టులతో బిగించిన స్లేవ్ ఉన్న కారు అయితే ప్రయోగం చేయొచ్చు, లోపలిది అయితే క్లచ్ స్టాప్ లేకుండా ఈ పని పెట్టుకోవద్దు. హెవీ డ్యూటీ ప్రెజర్ ప్లేట్ వేసినవాళ్లకి, ట్రాక్ కోసం కారు తయారు చేసుకునేవాళ్లకి తప్ప నేనైతే ఎవరికీ చెప్పను.

మరి ఎవరికి ఏది

పెడల్ మెత్తగా ఉన్నవాళ్లు ఆయిల్, బ్లీడింగ్ దగ్గరే ఆగండి, తగ్గకపోతే మాస్టర్ సీల్ చూడండి, మోడిఫికేషన్ మీకు సంబంధం లేని విషయం. డబ్బాలో మట్టం తగ్గినప్పుడు ముందు గాలి పీల్చేది క్లచ్చే, ఎందుకంటే దాని పైపు డబ్బాలో పై ఎత్తున ఉంటుంది. క్లచ్ ఉన్నట్టుండి మెత్తబడితే బ్రేకులు కూడా చెక్ చేయించుకోండి, అదీ ఆ రోజే.

బరువన్న వాళ్లకి ఈ లిస్టులో పెద్దగా ఏమీ లేదు, బుష్షులకి గ్రీజు, క్లచ్ సెట్టు ఎంత అరిగిందో చూడటం, అంతే. అప్పటికీ కష్టమైతే, రోజూ రెండు గంటలు సిటీలోనే తిరిగేవాళ్లయితే, తర్వాతి కారు ఆటోమేటిక్ తీసుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. ఆలస్యంగా పట్టుకుంటుందన్న వాళ్లు వాల్వు సంగతి చూడండి, అదే రోజు కొత్త ఆయిల్ పోయించండి, పైపు పాతదైతే అప్పుడే మార్చేయండి, ఎలాగూ విప్పారు కాబట్టి బ్లీడింగ్ ఒక్కసారే. కాలికి తెలియట్లేదన్న వాళ్లు ముందు క్లచ్ స్టాప్ పెట్టి నెల నడిపి, ఆ తర్వాతే స్ప్రింగ్ మీద చెయ్యి వేయండి. రెండూ ఒకే రోజు చేస్తే దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో తెలియదు.

వారంటీ ఉన్న కారు అయితే ఆయిల్, గ్రీజు, క్లచ్ స్టాప్ దాటి వెళ్లకండి. వాల్వు తీసేశాక గేర్‌బాక్స్‌లో ఏ శబ్దం వచ్చినా సర్వీస్ సెంటర్ వాళ్ల వేలు మొదట అటే చూపిస్తుంది. తీసిన స్ప్రింగ్, వాల్వు, పాత పైపు ఒక కవర్‌లో వేసి, మీద కారు నంబర్ రాసి ఇంట్లో పెట్టుకోండి. అమ్మేటప్పుడు కొనేవాళ్లకి పెడల్ బరువనిపిస్తే అరగంటలో పాత స్ప్రింగ్ బిగించి ఇచ్చేయొచ్చు.